గంగబల్ మత్తడి

వానాకాలంలో మా మామయ్య దగ్గర్నుంచి ఒక ఫోన్ తప్పకుండా వస్తుంది. "అల్లుడా, మత్తడి దుంకింది." ముందు ఆ మాట, తర్వాతే మంచీ చెడ్డా. చెరువు నిండి, మిగులు నీళ్ళు రాతి కట్టడం మీదుగా అవతలికి దూకుతున్నాయని దానర్థం. కోస్తా జిల్లాల్లో దీన్నే అలుగు పారడం అంటారు. ఈ ఏడు కూడా ఆ మాట చెప్పి, కాసేపు ఆగి, "గంగబల్‌ల గూడ దుంకుతుంటయి గదా గిప్పుడు" అన్నాడు. దుంకుతుంటాయి మామా అన్నాను. ఫోన్ పెట్టేశాక పనిలో మనసు నిలవలేదు. పాత హార్డ్‌డిస్క్ వెతికి, కశ్మీర్‌లోని ఆ గంగబల్ సరస్సుకు మామయ్యా నేనూ వెళ్ళినప్పటి 2012 ఆగస్టు ఫోటోలు తీసి కూర్చున్నాను.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. నర్సంపేట దగ్గర ఊరు. వాళ్ళది తరతరాలుగా నీరటి కుటుంబం. చెరువు తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేది నీరటి. జీతమంటూ ఉండేది కాదు. పంట నూర్చినప్పుడు రైతులు కల్లం దగ్గరే ఇన్ని వడ్లు కొలిచి ఇచ్చేవాళ్ళు. అర్ధరాత్రి పెద్ద వాన పడితే ఊరంతా దుప్పటి ముసుగేసుకుంటుంది, నీరటి మాత్రం పార, లాంతరు పట్టుకుని కట్ట మీదికి పోతాడు. కట్ట వెనకాల ఎక్కడైనా ఊట కనిపిస్తే ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూస్తాడు. తేటగా ఉంటే ఇంటికొచ్చి పడుకోవచ్చు. మట్టి రంగులో ఉంటే కట్ట లోపల కోసుకుపోతోందని లెక్క, అప్పుడు ఊరిని లేపాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మామయ్య నా దోసిట్లో నీళ్ళు పోసి మరీ ఇది చూపించాడు. ఆ నీళ్ళ చల్లదనం ఇంకా గుర్తుంది.

తర్వాత బోర్లు వచ్చాయి. ఎవరి పొలానికి వాళ్ళే మోటారు వేసుకున్నారు. నీరటి మాట వినాల్సిన అవసరం జనానికి తగ్గిపోయింది. మామయ్య మాత్రం రోజూ పొద్దున కట్ట మీద ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడవడం మానలేదు.

2011 దసరాకు ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఏవో ఫోటోలు చూస్తున్నాను. అప్పటికి హైదరాబాద్‌లో మా ఆఫీసు స్నేహితులు కొందరు కొండలెక్కే పిచ్చిలో ఉన్నారు. వాళ్ళు పంపిన కశ్మీర్ ఫోటోలవి. మామయ్య వెనక నిలబడి చూస్తున్నాడు. మంచు కొండ, దాని కింద నీలం రంగు సరస్సు. ఎవరైనా అబ్బ ఎంత బాగుందో అంటారు. మామయ్య అడిగింది వేరు.

"గిది మనుషులు కట్టిన చెరువా అల్లుడా?"

"కాదు మామా. అదే ఏర్పడింది."

"గట్లయితే మత్తడి యాడుంటది?"

నా దగ్గర జవాబు లేదు. ఫోటోలో కనిపించడం లేదు. అంతవరకూ నేను చూసిన ఎన్ని సరస్సుల ఫోటోల్లోనూ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రాత్రి బువ్వ తినేటప్పుడు, "నేను గూడ వస్త" అన్నాడు. అప్పుడు ఆయనకు 53 ఏళ్ళు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. అత్తమ్మ నన్ను నాలుగు రోజులు పలకరించలేదు. వరంగల్‌లో డాక్టరుకు చూపించి బీపీ, షుగరు, ఈసీజీ అన్నీ బాగున్నాయని కాగితం తెచ్చాకే ఒప్పుకుంది. వెళ్ళే ముందు రెండు నెలలు మామయ్య వీపుకు బ్యాగులో పది కిలోల బియ్యం వేసుకుని కట్ట మీద నడిచాడు. నేను ఇక్కడ అదే బరువుతో మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగాను. ఎల్లిపాయ కారం, మామిడి తొక్కు, అటుకులు, పుట్నాల పొడి, ఒక చిన్న పొట్లంలో పసుపు. ఇదీ ఆయన సామాను. దెబ్బ తగిలితే పనికొస్తుందని పసుపు అనుకున్నాను నేను.

రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి జమ్మూ. జమ్మూ దాటేసరికి మా ప్రీపెయిడ్ సిమ్‌లు మూగబోయాయి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. జవహర్ టన్నెల్ దాటి శ్రీనగర్, మర్నాడు సింధ్ నది పక్కనుంచి ఎనభై కిలోమీటర్లు సోన్‌మార్గ్. ఈ సింధ్ వేరు, పెద్ద సింధు నది వేరు. ఇది జీలంలో కలిసే నది. మామయ్య దారి పొడవునా కిటికీలోంచి ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

మేం మొత్తం పద్నాలుగు మంది. టెంట్లు, వంట సామాను గుర్రాల మీద, ఎవరి బ్యాగు వాళ్ళ వీపు మీద. గైడ్ నారానాగ్ దగ్గరి ఊరి మనిషి, నలభై ఏళ్ళుంటాయి. సోన్‌మార్గ్ నుంచి నారానాగ్ దాకా డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో మూడు కనుమలు, ఏడెనిమిది సరస్సులు, చివర్లో హర్‌ముఖ్ కొండ కింద గంగబల్. రోడ్డనేది ఎక్కడా లేదు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకానే తెరిచి ఉండే దారి, మిగతా కాలమంతా మంచు కింద ఉంటుంది.

మొదటి రోజు ఎక్కుడే ఎక్కుడు. సోన్‌మార్గ్ 2,700 మీటర్ల ఎత్తు, రాత్రికి మేం చేరాల్సిన నిచ్‌నయ్ దాదాపు 3,500. పైన్ చెట్లు దాటాక భూర్జ వృక్షాల తోపు వచ్చింది. తెల్లటి బోదెలు, బెరడు పొరలు పొరలుగా లేచి గాలికి కాగితాల్లా కదులుతోంది. కశ్మీర్‌లో పూర్వం పుస్తకాలు దీని మీదే రాసేవాళ్ళని గైడ్ చెప్పాడు. "మన తాటాకు లెక్క" అన్నాడు మామయ్య. కింద రాలిన ఒక పొర తీసి, వేలితో నిమిరి, మళ్ళీ చెట్టు మొదట్లోనే పెట్టాడు. ఆ తోపు దాటితే ఇక చెట్లు లేవు. గడ్డి, రాయి, నీళ్ళు, ఆకాశం. ఐదు రోజులూ అంతే.

ఒక విషయం నేను ముందుగా ఊహించలేదు. మా బృందంలో స్థానికులతో అందరికంటే బాగా కలిసిపోయింది మామయ్యే. నా హిందీ పుస్తకాల హిందీ. మామయ్యది మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడే దక్కనీ ఉర్దూ. "పానీ కిధర్ జాతా భాయ్?" అని గైడ్‌ను అడిగితే అతను నవ్వి, ఆగి, చెయ్యి చాపి కొండలు చూపిస్తూ చెప్పేవాడు. నిచ్‌నయ్ కనుమ దిగాక బకర్‌వాల్ గొర్రెల కాపరుల ధోక్ ఒకటి వచ్చింది. రాళ్ళు పేర్చి, దుంగలు పరిచి, పైన మట్టి కప్పిన గుడిసె. అక్కడి ముసలాయన మమ్మల్ని లోపలికి పిలిచి మక్క రొట్టె, ఉప్పు వేసిన గులాబీ రంగు చాయ్ ఇచ్చాడు. మక్క రొట్టె చూడగానే మామయ్య ముఖం వెలిగిపోయింది. తన ఎల్లిపాయ కారం డబ్బా మూత తీశాడు. ముసలాయన ఒక వేలితో రుచి చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ వేలు పెట్టాడు. తర్వాత ఇద్దరూ గొర్రెల లెక్క, గడ్డి లెక్క, వానల లెక్క మాట్లాడుకున్నారు. ఈ మనిషి చలికాలానికి జమ్మూ వైపు దిగి, ఎండాకాలానికి మళ్ళీ ఇక్కడికి ఎక్కుతాడు, తాత ముత్తాతల నుంచి అదే దారి. లేచేటప్పుడు మామయ్య సగం కారం వాళ్ళ గిన్నెలో ఒంపేశాడు.

ఆ సాయంత్రం విషన్‌సర్ చేరాం. 3,700 మీటర్లు. సరస్సు ఒడ్డున టెంట్లు అనుకుని ఎదురుచూస్తే, ఒక ఏరు పక్కన పచ్చిక మీద వేశారు. సరస్సు ఎక్కడా కనిపించడం లేదు. అందరూ గైడ్‌ను అడుగుతున్నారు. మామయ్య ఏటి ఒడ్డున కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, "చెరువు పైనున్నది. ఇవి మత్తడి నీళ్ళు" అన్నాడు. ఎలా తెలుసంటే, వాగు నీళ్ళయితే ఇంత దూరం కొండల్లో దొర్లి వచ్చినందుకు ఒండ్రు ఉండాలి, ఇవి ఎక్కడో నిలబడి తేరుకుని వస్తున్నాయి అన్నాడు.

నేను చూడ్డానికి వెళ్ళలేకపోయాను. చీకటి పడేసరికి తలనొప్పి మొదలైంది. ముందు కణతల దగ్గర, తర్వాత తలంతా. తిన్నది వాంతి అయింది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి చదివే వచ్చాను, కానీ చదవడం వేరు, టెంటులో ఆ చలిలో పడుకుని గుండె చప్పుడు తలలో వినడం వేరు. గైడ్ వచ్చి చూసి, రాత్రికి ఎక్కువైతే చీకట్లోనైనా కిందికి దించేస్తాను, పొద్దుటికి ఇలాగే ఉంటే ఒక మనిషినీ గుర్రాన్నీ ఇచ్చి సోన్‌మార్గ్ పంపేస్తాను అన్నాడు. దీనికి ఎత్తు తగ్గడమే మందు, మొండికేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అతను చెప్పింది సరైన మాట. కానీ ఆ రాత్రి నాకు ఒకటే టెన్షన్, నేను దిగిపోతే మామయ్య కూడా నాతో దిగిపోతాడు. ఇంత దూరం వచ్చి ఒక్క చెరువూ చూడకుండా పోతాడు.

మామయ్య వంట టెంటుకు వెళ్ళి గంజి వార్పించి, అందులో ఎల్లిపాయ కారం కలిపి తెచ్చాడు. గంటకోసారి లేపి వేడినీళ్ళు తాగించాడు. తన దుప్పటి కూడా నా మీద వేశాడు. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన టెంటు గుమ్మంలో కూర్చునే ఉన్నాడు, వాన రాత్రి కట్ట మీద కాపలా ఉన్నట్టు. తెల్లవారేసరికి తల తేలికపడింది. మర్నాడు ఎలాగూ అక్కడే విశ్రాంతి రోజు. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడిందనే నేనూ అనుకుంటాను. అయినా ఆ గంజి రుచి నేను మర్చిపోను.

మామయ్య టెంటులోకి తల పెట్టి, "దొరికింది, లే" అన్నాడు.

ఏటి వెంబడి కాస్త పైకెక్కితే మిట్ట అవతల విషన్‌సర్. అంత పెద్ద నీలం ఒక్కసారిగా కళ్ళ ముందుకొస్తుందని ఎవరు చెప్పినా అర్థం కాదు. గాలి లేదు. ఎదుటి కొండ తలకిందులుగా నీళ్ళలో ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కశ్మీర్‌కు తెచ్చి వదిలిన ట్రౌట్ చేపల సంతతి ఒడ్డు దగ్గరే తిరుగుతోంది. మామయ్య నన్ను సరిగ్గా మత్తడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక ఎండు గడ్డిపోచ తుంచి, ఒడ్డుకు రెండడుగుల లోపల నీళ్ళలో వేశాడు. పోచ కదల్లేదు. ఇంకొంచెం పక్కకు జరిగి ఇంకోటి వేశాడు. అదీ కదల్లేదు. మూడోది వేశాక అది కొంచెం తిరిగి, ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా జరగడం మొదలుపెట్టింది. తర్వాత వేగం అందుకుంది. రెండు రాళ్ళ మధ్య సన్నటి గాజు పలకలా వంగిన నీళ్ళ మీదుగా జారి కింద ఏట్లో పడిపోయింది. "గిక్కడికెళ్ళి గది చెరువు కాదు, ఏరు" అన్నాడు మామయ్య. ఆ గడ్డిపోచ ఎక్కడ కదలడం మొదలుపెట్టిందో ఆ చోటు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. నేను ఆ రోజు వంద ఫోటోలు తీశాను, అది మాత్రం ఏ ఫోటోలోనూ లేదు.

ఆ ఏరే ముందుకు పోయి కిషన్‌గంగ అవుతుందని గైడ్ చెప్పాడు. ఉత్తరానికి పారి, తర్వాత పడమరకు తిరిగి, నియంత్రణ రేఖ దాటి, ముజఫరాబాద్ దగ్గర జీలంలో కలుస్తుంది. అవతల దాన్ని నీలం నది అంటారు. కిషన్‌గంగ అన్న పేరు మామయ్యకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా వైపు పాకాల చెరువు నుంచి మున్నేరు పుడుతుంది, అది పోయి కృష్ణలో కలుస్తుంది. "గీడ గూడ కృష్ణమ్మనే" అని రోజంతా అనుకున్నాడు.

మర్నాడు గడ్‌సర్ కనుమ. ఈ దారి మొత్తంలో అదే ఎత్తు, దాదాపు 4,200 మీటర్లు. కిషన్‌సర్ ఒడ్డు నుంచి మొదలై నిట్టనిలువుగా ఎక్కుతుంది. కాలిబాట మనిషి వెడల్పే ఉంటుంది, ఎదురుగా గుర్రాలు వస్తే కొండ వైపుకు ఒరిగి నిలబడాలి. పది అడుగులు, ఊపిరి, పది అడుగులు, ఊపిరి. మామయ్య నా వెనకే వస్తూ, నేను ఆగితే ఆగి, నడిస్తే నడిచాడు. పైకి చేరి వెనక్కి తిరిగి చూస్తే కిందంతా తెరుచుకుంది. పైమెట్టులో కిషన్‌సర్, దాని కింద మెట్టులో విషన్‌సర్, పైదాన్లోంచి కిందిదాన్లోకి వెండి తీగలా నీళ్ళు.

మామయ్య బ్యాగు దించి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గొలుసుకట్టు" అన్నాడు.

వరంగల్ జిల్లావాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కాకతీయుల కాలం నుంచి మా వైపు చెరువులు ఒకదాని కింద ఒకటి కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానికి. ఒక్క చుక్క కూడా ఊరికే పోదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మా పెద్దలు మట్టితో చేసిన పనినే ఇక్కడ కొండా మంచూ కలిసి ఎప్పుడో చేసి పెట్టాయి. హిమానీనదం కిందికి జారుతూ కొండను గుంటలుగా తొలుస్తుంది, తను మోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ అంచున పోస్తుంది. ఆ పోగు కట్ట అయి నీళ్ళు ఆపుతుంది. ఇదంతా నేను మామయ్యకు చెప్పాను. ఆయన తల ఊపి, "కట్ట మంచిగ బోసింది" అన్నాడు. ఒక పనిమంతుడు ఇంకో పనిమంతుడి పని చూసి అనే మాట అది. కనుమ మీద గాలికి కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి, ఆయనవి గాలి వల్ల వచ్చినవో కావో నేను అడగలేదు.

అవతల దిగుడంతా పూలు. పసుపు, ఊదా, ఎరుపు, మోకాలి ఎత్తున. కలుగుల్లోంచి మార్మోట్లు లేచి నిలబడి ఈల వేస్తున్నాయి. గడ్‌సర్ అంటే కశ్మీరీలో చేపల సరస్సని అర్థం. ఆగస్టు చివర్లో కూడా దాని మీద మంచు ముక్కలు తేలుతున్నాయి. దాని కింద ఆర్మీ పోస్టులో గుర్తింపు కార్డులు చూపించాలి. మామయ్య ఓటరు కార్డు చేతిలోకి తీసుకున్న జవాను మెల్లగా, కూడబలుక్కుంటూ, తెలుగులో ఆయన పేరు చదివాడు. పార్వతీపురం వైపు అబ్బాయి. తెలుగు అక్షరం చూసి నెలలైందట. "మీ వైపు వానలు పడ్డాయాండీ?" అని అడిగాడు. మామయ్య తన కొడుకుతో మాట్లాడినట్టు వానల సంగతంతా చెప్పాడు. మిగిలిన మామిడి తొక్కు ఆ పోస్టులోనే ఉండిపోయింది.

సత్‌సర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఏడు సరస్సులని పేరు, మేం వెళ్ళేసరికి కొన్ని ఎండి రాళ్ళు తేలాయి, ఆ రోజంతా వాన.

ఆగస్టు 31. పొద్దున బండరాళ్ళ గుట్ట దాటి మూడో కనుమ ఎక్కాం. పైన నిలబడితే ఎదురుగా హర్‌ముఖ్. 5,142 మీటర్లు. నల్లటి రాయి, దాని మెడ మీంచి వేలాడే హిమానీనదం, పాదాల దగ్గర రెండు సరస్సులు. పెద్దది గంగబల్, చిన్నది నంద్‌కోల్. ఆ కొండకు ఒక చరిత్ర ఉంది. 1856లో మాంట్‌గొమరీ అనే సర్వే అధికారి దీని మీద నుంచి దూరాన కారకోరంలో రెండు శిఖరాలు చూసి పుస్తకంలో కే1, కే2 అని గుర్తు పెట్టుకున్నాడు. ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరానికి ఆ గుర్తే పేరుగా నిలిచిపోయింది. మామయ్య విని, "మరి ఆడి మంచు నీళ్ళు యాడికి పోతయి?" అన్నాడు. సింధులోకి. జీలం? చీనాబ్‌లోకి, అటు నుంచి అదీ సింధులోకే. మేం నిలబడ్డ వరసకు వెనక విషన్‌సర్, గడ్‌సర్ నీళ్ళు కిషన్‌గంగకు పోతున్నాయి, ముందర గంగబల్ నీళ్ళు సింధ్ నదికి పోతున్నాయి, చివరికి రెండూ జీలంలోనే. "మనకాడ రామప్ప నీళ్ళు గోదారికి, పాకాల నీళ్ళు కృష్ణకు పోతయి సూడు, గట్లనే" అన్నాడు మామయ్య. నేను వరంగల్‌లో పదేళ్ళు చదువుకున్నాను. మా జిల్లా మధ్యలోంచి ఆ రెండు నదుల మధ్య మిట్ట పోతుందన్న సంగతి కశ్మీర్‌లో ఒక కనుమ మీద నిలబడి తెలుసుకున్నాను.

గంగబల్ రెండున్నర కిలోమీటర్ల పొడవు. కశ్మీరీ పండితులకు గంగ ఇదే. ఇంట్లో చనిపోయినవాళ్ళ అస్థికలు పూర్వం ఈ కొండెక్కి ఇక్కడే కలిపేవాళ్ళని, భాద్రపదంలో యాత్ర జరుగుతుందని, గొడవల వల్ల ఎన్నో ఏళ్ళు ఆగి 2009లో మళ్ళీ మొదలైందని గైడ్ చెప్పాడు. అతను ముస్లిం. ఆ యాత్రికుల సామాను మోసే గుర్రాలు వాళ్ళ ఊరివే. మేం వెళ్ళింది అధిక భాద్రపదం, యాత్రకు ఇంకా మూడు వారాలుంది. ఒడ్డున మేం తప్ప ఎవరూ లేరు. మామయ్య చొక్కా విప్పి మూడు మునకలు వేసి వచ్చాడు. పెదవులు నీలంగా మారాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి, తాతనూ అమ్మమ్మనూ తలచుకున్నాను అన్నాడు.

సాయంత్రం గంగబల్ నీళ్ళు నంద్‌కోల్‌లోకి దిగే చోటికి నడిచాం. ఇక్కడా గొలుసే. మామయ్య కట్ట లాంటి రాళ్ళ పోగు వెనక్కి దిగి, ఊట వెతికి, దోసిట్లోకి తీసుకుని నాకు చూపించాడు. తేట. తర్వాత మత్తడి పక్కన మూడు రాళ్ళు నిలబెట్టి, జేబులోంచి పసుపు పొట్లం తీశాడు. అప్పుడు అర్థమైంది నాకు అది దేనికి తెచ్చాడో. మా ఊళ్ళో చెరువు కట్ట మీద కట్ట మైసమ్మ ఉంటుంది. ఏటా తూము తీసే ముందు ఆమెకు పసుపు కుంకుమ పెట్టనిదే నీరటి చెయ్యి వేయడు. "ఇంత పెద్ద కట్టకు మైసమ్మ లేకుంటదా?" అన్నాడు. గైడ్ కూడా టోపీ సర్దుకుని పక్కన నిలబడ్డాడు. ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళ చప్పుడొక్కటే.

రాత్రి పౌర్ణమి. ఆ నెలలో అది రెండో పున్నమి. హర్‌ముఖ్ మంచు మీద వెన్నెల పడి టెంటు లోపల కూడా వెలుతురుగా ఉంది. భోజనాలయ్యాక మామయ్య ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకుని నంద్‌కోల్‌లోకి హిమానీనదం నుంచి దిగే పాయ దగ్గరికి వెళ్ళి నింపుకొచ్చాడు. నీళ్ళు పలచటి మజ్జిగలా ఉన్నాయి. పొద్దున్నే చూస్తే పైన తేట, అడుగున వేలెడు కూడా లేని తెల్లటి పొర. మంచు కింద రాయి రాయి రాసుకుని నూరిన పిండి అది. ఇలాంటి సరస్సులకు ఆ పాలనీలం రంగు ఇచ్చేది ఇదే. మామయ్య సీసా మూత గట్టిగా బిగించి చొక్కాలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాడు.

చివరి రోజు ఒక్కసారిగా 1,400 మీటర్ల దిగుడు. మామయ్య మోకాళ్ళ నొప్పి ఆ రోజే మొదలైంది. నాకు ఆ సంగతి ఇంటికొచ్చిన నెలకు గానీ చెప్పలేదు. నారానాగ్‌లో ఎనిమిదో శతాబ్దం నాటి శివాలయాల శిథిలాలు, ఊట నీళ్ళతో నిండే రాతి కోనేరు ఉన్నాయి. అందరూ గుడి చూస్తుంటే ఆయన కుంటుకుంటూ కోనేరు చుట్టూ తిరిగి నీళ్ళు బయటికి పోయే తూము చూసొచ్చాడు.

2014 సెప్టెంబరులో జీలం పొంగి శ్రీనగర్ మునిగినప్పుడు మామయ్య నాకు రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "అన్ని నీళ్ళు ఒక్కపారే దిగినయా? గైడ్ పిలగాడు ఎట్లున్నడు?" అతని ఫోన్ కలవలేదు. పది రోజుల తర్వాత కలిసింది. వాళ్ళ ఊరు పైన ఉంది కాబట్టి క్షేమం. మామయ్యతో మాట్లాడించాను. ఇద్దరూ దక్కనీ, కశ్మీరీ ఉర్దూలు కలిపి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఈ ఏడు ఫోన్ వచ్చాక ఆ ఆదివారమే ఊరెళ్ళాను. మామయ్య ఇప్పుడు కట్ట మీదికి నడవలేడు. స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని మత్తడి దాకా తీసుకెళ్ళాను. నీళ్ళు దూకుతుంటే పిల్లలు కింద గంతులేస్తున్నారు, ఒకడు వల వేశాడు. తిరిగొచ్చాక అత్తమ్మ చాయ్ పెడుతుంటే దేవుడి గూట్లో ఉన్న సీసా చేతిలోకి తీసుకున్నాను. ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగింది, నీళ్ళు సగానికి తగ్గాయి. అలవాటుగా ఒకసారి ఊపాను. అడుగున పొర లేచి సీసా అంతా తెల్లగా అయింది.

"ఊపకు అల్లుడా" అన్నాడు మామయ్య మంచం మీద నుంచి. "ఆడ పెట్టు. రేపటిదాక తేరుకుంటది."